మంట లేకుండా కాచిన బీరు

ఫెర్మీన్ తన పాత కరెంటు పాత్రను బండిలోంచి దించి గుమ్మం ముందు పెట్టగానే, ఒతీలియా చేతిలో చీపురు గోడకి ఆనించి వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి అడుగున చూసింది. గ్యాసు గొట్టం తగిలించే చోటు ఎక్కడైనా ఉందేమోనని ఆమె వెతుకులాట. ఎక్కడా లేదు. నడుమెత్తున, స్టీలు పాలక్యాను లాగా నిలువుగా ఉందది. కింద ఒక కుళాయి, పక్కన పిడికెడంత పంపు, ముందువైపు అంకెలు వెలిగే పలక, వెనక లావుపాటి తీగ.

"మంట పెట్టక్కర్లేదా దీనికి?"

"పెడదామన్నా చోటు లేదు," అన్నాడు ఫెర్మీన్ చొక్కా చేతులు దులుపుకుంటూ. "లోపల అడుగున హీటర్ ఉంటుంది. ఎంత వేడి కావాలో ఇక్కడ నొక్కుతావు. అదే చూసుకుంటుంది. నీ అంత జాగ్రత్త మనిషికి ఇది సరిపోయే సామాను ఒతీ."

"వేళాకోళాలు తర్వాత. ముందు లోపల పెట్టు, వానొచ్చేలా ఉంది."

నిజానికి ఆ పాత్ర కావాలని అడిగింది ఒతీలియాయే. కిందటి వారం కూరల దుకాణంలో ఫెర్మీన్ కనిపించి, తాను ఇంకా పెద్దది కొనుక్కున్నానని, పాతది మూలన పడుందని చెబితే, ఆమె ఉల్లిపాయలు ఏరుతూ ఏరుతూ ఆగి, "అది మాకివ్వు" అంది. ఫెర్మీన్ నమ్మలేదు. ఎల్ బోల్సోన్ ఊళ్ళో ఇంటి దగ్గర బీరు కాచుకునే వాళ్ళందరికీ తెలుసు, ఒతీలియా ఇంట్లో ఆ మాటెత్తకూడదని. మూడేళ్ళుగా అదే కట్టుబాటు.

మూడేళ్ళ కిందట శీతాకాలంలో ఆమె మొగుడు రెమీహియో పెరట్లోని చెక్క షెడ్డులో ఎప్పటిలాగే బీరు కాస్తున్నాడు. అప్పట్లో అతను గింజలతో కాచేవాడు కాదు. డబ్బాల్లో వచ్చే చిక్కటి పాకం నీళ్ళలో కలిపి, గ్యాసు పొయ్యి మీద మరగబెట్టేవాడు. ఆ రోజు నురగ పొంగి పొయ్యి మీద పడింది. మంట ఆరిపోయింది. గ్యాసు మాత్రం ఆగలేదు. రెమీహియో అది గమనించకుండా లైటరు పట్టుకుని పొయ్యి మీదికి వంగాడు. వంటింటి కిటికీలోంచి ఒతీలియాకి కనిపించింది భగ్గుమన్న నీలి వెలుగు. ఆమె పరిగెత్తుకు వెళ్ళి అతన్ని కాలర్ పట్టుకుని బయటికి ఈడ్చింది. గాలి ఆ పూట వేరే వైపు వీచింది కాబట్టి ఇల్లు మిగిలింది. షెడ్డు మిగల్లేదు. రెమీహియో కాలిన కుడిచెయ్యి బతికింది గానీ వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. సామిల్లులో పలకలు పట్టే పని చేసినవాడు, ఆ చేత్తో కప్పు పట్టుకోవడానికి కూడా తడుముకునే స్థితికి వచ్చాడు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే ఒతీలియా చెప్పింది, ఈ ఇంట్లో ఇంక బీరు కాయడం లేదని. అతను సరే అన్నాడు. వాదించలేదు. తర్వాత్తర్వాత మాట్లాడటమే తగ్గించేశాడు. శనివారాలు స్నేహితుల దగ్గరికి వెళ్ళడం మానేశాడు. ఏమడిగినా మర్యాదగా జవాబు చెబుతాడు. కట్టెలు తెస్తాడు, కోళ్ళకి మేత వేస్తాడు, కిటికీ దగ్గర కూర్చుంటాడు. మొగుడితో కాక, మర్యాదస్తుడైన అద్దెకున్నాయనతో కాపురం చేస్తున్నట్టుగా ఉంది ఒతీలియాకి. ఆ మర్యాద భరించలేకే ఆమె ఉల్లిపాయల ముందు నోరు విప్పింది.

రెమీహియో ఎడం చంకలో కట్టెలతో పెరటి వైపు నుంచి వచ్చాడు. పాత్రను చూసి ఆగిపోయాడు.

"ఎవరిదిది?"

"నీదే," అన్నాడు ఫెర్మీన్.

"నేనడగలేదే."

"నేనడిగాను," అంది ఒతీలియా.

అతను కట్టెలు కింద పెట్టాడు. నెమ్మదిగా. పాత్ర మూత మీద ఎడం చెయ్యి పెట్టి, పెళ్ళాం వంక చూశాడు.

"నువ్వా?"

"నేనే ముసలోడా. చెవులు కూడా పోయాయా? కానీ విను. కరెంటు పని ఈర్మా వచ్చి చెయ్యాలి, నువ్వు గానీ ఈ ఫెర్మీన్ గానీ ఒక్క తీగ ముట్టుకోడానికి వీల్లేదు. బట్టలుతికే గదిలోనే కాయాలి. నేను పక్కనుంటాను. మొదట్నుంచి చివరిదాకా. గ్యాసు బండ ఆ గది గడప తొక్కితే ఈ పాత్రని నదిలో పారేస్తా."

"సరే," అన్నాడు రెమీహియో. ఆ సరే ఇన్నాళ్ళ సరేల్లా లేదు.

ఈర్మా, ఒతీలియా వంటచేసే బడిలో కరెంటు పనులు చూసే మనిషి. రెండు రోజుల్లో వచ్చి, బట్టలుతికే గదికి విడిగా లావు తీగ లాగి, నేలలోకి ఎర్త్ దింపి, గోడకి కొత్త బ్రేకర్ బిగించింది. "దోన్యా ఒతీలియా, ఈ చిన్నపెట్టె మొండిది," అంది స్క్రూ బిగిస్తూ. "ఎక్కడైనా కరెంటు దారి తప్పితే టప్పున పడిపోతుంది. విసుక్కోకండి. పడిందంటే కారణం వెతకండి. దొరక్కపోతే నన్ను పిలవండి."

శనివారం పొద్దున్నే ఫెర్మీన్ మరపట్టించిన మాల్టు సంచీతో, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో, దిగాడు. పిల్త్రి కొండ నెత్తిన తొలి మంచు పడింది. బయట గాలి రేకుల్ని లేపేలా ఉంది. ఒతీలియా మాతే ఆకుల టీ కాచి, వేడివేడిగా పిండి రొట్టెలు నూనెలో వేయించి, రాస్‌బెర్రీ జామ్ గిన్నెతో సహా బట్టలుతికే గదిలోకే తెచ్చేసింది.

"ఒరేయ్ రెమీ, మీ ఆవిడ కాపలాకొచ్చిందా, మేపడానికొచ్చిందా?" అన్నాడు ఫెర్మీన్ రొట్టె నోట్లో కుక్కుకుంటూ.

"రెండూ. నోరు నిండుంటే నీ సొద తగ్గుతుందని," అంది ఒతీలియా.

రెమీహియో నవ్వాడు. చిన్న నవ్వే. ఒతీలియా చూడనట్టు కెటిల్ సర్దింది.

నీళ్ళు పోశారు. ఫెర్మీన్ పలక మీద అంకెలు నొక్కాడు. పాత్ర సన్నగా గుయ్యిమంది. ఎక్కడా మంట లేదు, వాసన లేదు. నీళ్ళు వేడెక్కుతున్నాయని అంకెలు మారుతుంటేనే తెలుస్తోంది. ఒతీలియా చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడింది, పాత్రని నమ్మనట్టుగా.

"డబ్బా పాకం పని వేరు," ఫెర్మీన్ చెబుతున్నాడు. "అందులో తీపి ముందే తీసి పెట్టుంటుంది. ఇప్పుడు ఆ తీపిని మనమే గింజలోంచి రాబట్టాలి. మాల్టుని అరవై ఆరు డిగ్రీల దగ్గర ఒక గంట నాననిస్తే, దాన్లో పిండి అంతా చక్కెరగా మారుతుంది. వేడి ఎక్కువైతే చెడుతుంది, తక్కువైతే సాగదు. అందుకే ఈ కరెంటు పాత్ర. పొయ్యి మీద ఆ వేడిని నిలబెట్టాలంటే ప్రాణం పోతుంది."

"పొయ్యి మాట ఎత్తకు," అంది ఒతీలియా.

"ఎత్తను తల్లీ."

నీళ్ళు కాగాక, చిల్లుల అడుగున్న లోపలి బుట్టలోకి రెమీహియో సంచీ ఎత్తి మాల్టు గుమ్మరించబోయాడు. సగం ఒక్కసారే పడింది. తెడ్డుతో కలపబోతే పైన ముద్దలు ముద్దలుగా తేలింది.

"ఆగు, ఆగు!" ఒతీలియా గోడ దగ్గర్నుంచి కదిలింది. "పొలెంతా వండేటప్పుడు మొక్కజొన్న పిండి ఇలాగే పోస్తామా? నన్నడిగితే చెప్పనా? సంచీ ఇటివ్వు. నువ్వు కలుపు, నేను పోస్తా. సన్నగా."

రెండు వందల మంది పిల్లలకి పొలెంతా వండే చెయ్యి అది. సంచీ మూతి సన్నగా పట్టి వానచినుకుల్లా రాల్చింది. రెమీహియో ఎడం చేత్తో తెడ్డు తిప్పాడు, కుడిచేత్తో ఊరికే ఆనించి పట్టుకున్నాడు. ముద్దలు విడిపోయాయి. గది అంతా పాలల్లో ఉడికించిన బార్లీ జావ వాసన కమ్ముకుంది. ఒతీలియా ఊపిరి పీల్చింది. ఆమెకి బీరంటే పెద్ద ఇష్టం లేదు. ఈ వాసన మాత్రం చంటిపిల్లల ఇంటి వాసనలా ఉంది.

"ఇంత మంచి వాసన డబ్బా పాకానికి రాలేదే," అంది.

"నేను ఎప్పట్నుంచో గింజలతో కాద్దామనుకున్నా," అన్నాడు రెమీహియో. తనకు తానుగా అతను ఒక సంగతి చెప్పడం ఆమె విని చాలా కాలమైంది.

పంపు వేశారు. అడుగునున్న తీపి నీళ్ళు గొట్టంలోంచి పైకెక్కి మళ్ళీ గింజల మీద పడుతున్నాయి. మొదట మురికి నీళ్ళలా ఉన్నది రానురానూ తేరుకుంటోంది. ముగ్గురూ మాతే తాగుతూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. అప్పుడు గోడ మీద పెట్టె టప్పుమంది. పంపు ఆగిపోయింది. పలక మీద అంకెలు ఆరిపోయాయి.

ఒతీలియా మాతే కప్పు కింద పెట్టేసింది.

"ఏం కాదు, ఏం కాదు," అంటూ ఫెర్మీన్ లేచి బ్రేకర్ పైకి లేపాడు. అంకెలు వెలిగాయి. అతను వెనక్కి తిరిగేలోపు మళ్ళీ టప్పుమంది. ఇంకోసారి లేపాడు. చెయ్యి తియ్యకముందే పడిపోయింది.

"ఇదేం మొండిఘటం!" ఫెర్మీన్ తల గోక్కున్నాడు. "చూడు రెమీ, ఇప్పుడు వేడి పడిపోతే మాల్టంతా నేలపాలు. వంటింట్లో పాత ప్లగ్గుంది కదా, రెండు బొక్కలది? అక్కణ్ణుంచి ఎక్స్‌టెన్షన్ తీగ లాగేద్దాం. దానికి ఈ పెట్టె గొడవ లేదు. ఒక్క గంట పని. ఏం కాదు."

ఆ 'ఏం కాదు' ఒతీలియాకి ఈటెలా తగిలింది. మూడేళ్ళ కిందట షెడ్డు లోంచి మంట లేచే ముందు రెమీహియో ఆమెతో కేకేసి చెప్పిన మాట అదే. ఏం కాదు, పొంగిందంతే. ఆమె గోడని ఆసరాగా పట్టుకుంది. రెమీహియో ఎక్స్‌టెన్షన్ తీగ చుట్టి ఉన్న మేకు వైపు చూడటం కనిపించింది. అతని సంగతి ఆమెకి తెలుసు. చేతిలో ఉన్న పని చెడిపోతుంటే చూస్తూ ఊరుకోలేని మనిషి. అదే కదా అప్పుడు కొంప ముంచింది.

రెమీహియో మేకు దగ్గరికి నడిచాడు. తీగ తీశాడు. తీసి, ఫెర్మీన్‌కి అందకుండా బీరువా మీదికి విసిరేశాడు.

"వద్దు," అన్నాడు.

"ఒరేయ్, మాల్టు పోతుంది."

"పోనీ. కోళ్ళకేద్దాం. ఈర్మా ఏం చెప్పింది? పడిందంటే కారణం వెతకమంది. ముందు దాని ప్లగ్గు పీకు. పాత్రని ఎవరూ ముట్టుకోకండి." అని ఒతీలియా వైపు తిరిగాడు. "ఒతీ, ఈర్మాకి ఫోన్ చేస్తావా?"

ఒతీలియా ఫోన్ అందుకుంది. ఛాతీ మీంచి ఎవరో బస్తా దించినట్టయింది. ఫోన్‌లో ఆమె మాటలు తడబడుతుంటే, "ఎవరికైనా షాక్ కొట్టిందా దోన్యా?" అని ఈర్మా కంగారుపడింది. "లేదమ్మా, లేదు. మా ఆయన ఏ పిచ్చిపనీ చెయ్యలేదు," అంది ఒతీలియా. ఆ జవాబు ఈర్మాకి అర్థమయ్యే అవకాశం లేదు.

వస్తున్నానంది ఈర్మా, ఊరి ఆ చివర నుంచి రావాలి. ఫెర్మీన్ ముఖం వేలాడేసుకుని గింజల వంక చూస్తున్నాడు. ఒతీలియాకి ఒక ఆలోచన తట్టింది.

"మీరింతమంది మగాళ్ళు ఊరంతా బీరు కాస్తారు, బడిలో నేను అన్నం ఎలా వేడిగా ఉంచుతానో ఎప్పుడైనా చూశారా? గిన్నెకి దుప్పటి చుడతా. ప్లగ్గు పీకేశాం కదా, ఇప్పుడది ఉత్త గిన్నే. అవునా, కాదా?"

ఫెర్మీన్ నోరు తెరిచాడు. "అవునే."

లోపలికెళ్ళి గొర్రెబొచ్చు దుప్పట్లు రెండు, రెమీహియో చలికి కప్పుకునే పాత పోంచో, చేపల వేటకి తీసుకెళ్ళే స్లీపింగ్ బ్యాగు అన్నీ తెచ్చింది. పాత్రకి మూత పెట్టి, చుట్టూ చుట్టి, తాడుతో కట్టారు. చివరికది చలికాలం బస్సుకోసం నిలబడ్డ లావుపాటి ముసలావిడలా తయారైంది.

"మా అత్త ఎలోదియా అచ్చం ఇంతే ఉండేది," అన్నాడు ఫెర్మీన్. ఒతీలియాకి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఎందుకొచ్చాయో ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఈర్మా వచ్చి పోంచో అంచు ఎత్తి, మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసి చూసింది. కారణం వెంటనే దొరికింది. కింద కుళాయి వాషర్ అరిగిపోయి, తీపి నీళ్ళు సన్నగా కారి, పాత్ర అడుగు వెంబడే పాకి, వెనక తీగ తగిలించే చోటికి చేరాయి. అక్కడంతా జిగటగా తడి.

"హీటర్ బాగానే ఉంది. నీళ్ళే దొంగలు," అంది ఈర్మా. ఆపైన మేకుకి తీగ లేకపోవడం చూసి, "ఎక్స్‌టెన్షన్ ఏదీ?" అని అడిగింది.

ఫెర్మీన్ నేల చూపులు చూశాడు. తానిచ్చిన సలహా సంగతి తానే ఒప్పుకున్నాడు. ఈర్మా చేతులు తుడుచుకుంది.

"వంటింటి ప్లగ్గుకి ఎర్త్ లేదు, బ్రేకర్ లేదు," అంది చివరికి. "దాన్లో పెట్టుంటే పాత్ర నడిచేది. బ్రహ్మాండంగా నడిచేది. కానీ దాని ఒళ్ళంతా కరెంటు పాకేది. ఈ తడి నేల మీద నిలబడి, ఆ బుట్ట ఎత్తడానికి ఎవరు పట్టుకునేవారు?"

పట్టుకునేది ఒతీలియా. కుడిచెయ్యి సరిగా లేని రెమీహియో తడి గింజల బుట్ట ఎత్తలేడు కాబట్టి, అది ఆమె ఎత్తాలని పొద్దున్నే అనుకున్నారు.

ఫెర్మీన్ ముఖం పాలిపోయింది. "ఆ వాషర్ అరిగిందని నాకు తెలుసు ఒతీ. మారుద్దాం మారుద్దాం అనుకుంటూనే..." 

"నువ్వు మాట్లాడకు కాసేపు. వెళ్ళి కొత్తది పట్రా," అంది ఒతీలియా. కోపంగా అనబోయింది గానీ గొంతులోకి కోపం రాలేదు. అందరూ బతికే ఉన్నారు. గది నిండా మాల్టు వాసన. కోపానికి తీరిక లేదు.

కొత్త వాషర్ వచ్చింది. ఈర్మా ప్లగ్గు విప్పి తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, తీగ వంపు కుళాయికి దూరంగా మళ్ళించింది. ఈసారి బ్రేకర్ లేపితే లేచినచోటే నిలబడింది. అంకెలు వెలిగాయి. అరవై మూడు. దుప్పట్లు వేడిని పోనివ్వలేదు.

"ఇంతకీ పిండి చక్కెరైనట్టా, కానట్టా?" అని అడిగాడు రెమీహియో. అది తేల్చడానికి ఫెర్మీన్ మందుల డబ్బాలోంచి అయోడిన్ సీసా అడిగి తీసుకున్నాడు. తెల్ల సాసర్లో చెంచాడు తీపి నీళ్ళు పోసి ఒక చుక్క వేశాడు. పిండి మిగిలి ఉంటే నల్లబడుతుందన్నాడు. నలుగురూ తలలు ఆనించి సాసర్‌లోకి చూశారు. చుక్క విచ్చుకుంది. గోధుమరంగులోనే ఉండిపోయింది.

"అయిపోయింది! మొత్తం చక్కెరే!" ఫెర్మీన్ అరిచిన అరుపుకి పెరట్లో కోళ్ళు లేచాయి.

ఈర్మా కూడా ఆగిపోయింది, రొట్టెలున్నాయని. ఒతీలియా చేతికి గుడ్డలు చుట్టుకుని బుట్ట పైకెత్తి, పాత్ర అంచుమీద కొక్కాలకి నిలబెట్టింది. రెమీహియో గింజల మీద వేడినీళ్ళు మగ్గుతో పోశాడు. మిగిలిన తీపి కూడా కడిగినట్టు దిగింది. ఆపైన వేడి పెంచారు, మరగడానికి.

మరిగే సమయం దగ్గరపడేకొద్దీ ఆలూమగలిద్దరూ మాట్లాడటం తగ్గించారు. ఫెర్మీన్‌కి సంగతి అర్థమై ఈర్మాకి చేత్తో సైగ చేశాడు, వాళ్ళిద్దరూ తలుపు వైపు జరిగారు. పాత్రలో అంచుల చుట్టూ తెల్లటి నురగ పేరుకుంది. నిమిషంలో మధ్యకి పాకింది. ఉన్నట్టుండి మొత్తం పైకి లేచింది, పాలు పొంగినట్టు, అంతకంటే గట్టిగా. రెమీహియో రెండడుగులు వెనక్కి వేశాడు. వీపు గోడకి తగిలింది. కుడిచెయ్యి ఛాతీకి అదుముకున్నాడు.

ఒతీలియా పలక ముందు ఉంది. నురగ అంచు దాకా వచ్చింది. ఆమె బొటనవేలు బటన్ మీద పెట్టి నొక్కింది.

గుయ్యిమనే చప్పుడు ఆగింది. నురగ అంచు మీద వణికింది, పొంగుదామా మానదామా అన్నట్టు. తర్వాత నిట్టూర్చినట్టు లోపలికి కుంగిపోయింది. అంతే. కింద ఆరిపోవడానికి మంట లేదు. కారడానికి గ్యాసు లేదు. ఒక్క చుక్క నేల మీద పడింది, తుడిస్తే పోయేది.

"రెమీ," అంది ఒతీలియా. "చూడు. దిగిపోయింది."

అతను చూశాడు. గోడ పట్టుకుని మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. కాసేపటికి, "మళ్ళీ వెయ్యి," అన్నాడు. "తక్కువలో పెట్టు. పొంగితే మళ్ళీ ఆపు." ఆమె వేసింది. పొంగింది, ఆపింది. మూడోసారి పొంగనే లేదు, బుద్ధిగా మరిగింది. రెమీహియో లేచి వచ్చి బీరుకి చేదునిచ్చే హాప్స్ పువ్వులు గుప్పెడు తానే వేశాడు. మొన్నటి కోతలో ఊరి తోటలోంచి తెచ్చినవి. గదిలో చేదు పరిమళం లేచింది, నారింజ తొక్కలా, కోసిన గడ్డిలా.

మరగడం అయ్యాక, రాగి గొట్టపు చుట్ట లోపల దించి, దాన్లోంచి చన్నీళ్ళు పారించారు చల్లారడానికి. ఈర్మా, ఫెర్మీన్ వెళ్ళిపోయారు. చుట్ట లోంచి వచ్చే వేణ్ణీళ్ళతో ఒతీలియా బకెట్లు నింపి గిన్నెలు కడుగుతోంది. రెమీహియో తెడ్డుతో మెల్లగా తిప్పుతున్నాడు.

"నువ్వు నన్ను క్షమించలేదనుకున్నాను," అన్నాడు అతను ఉన్నట్టుండి.

ఒతీలియా చేతిలో గిన్నె ఆగింది. "ఎందుకు?"

"ఇల్లు కాల్చబోయాను కదా. ఆ తర్వాత నువ్వు నా చెయ్యి వంక చూడవు. చూసినా చూపు తిప్పేసుకుంటావు. సరే, నీకు అసహ్యం వేస్తోంది, మాట్లాడి విసిగించడం ఎందుకని..."

"అసహ్యమా!" ఆమె గిన్నెని తొట్టిలో దభీమని పడేసింది. "నీ మొహం. చూస్తే నిన్ను ఈడ్చుకొచ్చిన రోజు గుర్తొస్తుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే ఏమయ్యేదో గుర్తొస్తుంది. అందుకు తిప్పుకుంటా. నేనేమో నీ బీరు మాన్పించానని నా మీద పగ పట్టావనుకుంటున్నా."

"పగా? నీ మీదా?"

"మరి మూడేళ్ళు నోరు కుట్టేసుకుంటే ఏమనుకోమంటావ్ ముసలోడా? నేనేమన్నా జోస్యం చెబుతానా?"

రెమీహియో తెడ్డు తిప్పడం మానేశాడు. నవ్వేశాడు. పొద్దుటి చిన్ననవ్వు కాదిది. భుజాలు కదిలేలా, దగ్గొచ్చేలా నవ్వాడు. ఒతీలియా సబ్బు చేతులతోనే వెళ్ళి అతని వీపు తట్టింది. తర్వాత కుడిచెయ్యి తీసుకుని, ముడతలు పడ్డ ఆ చర్మాన్ని వేలు వేలూ చూసింది. బాధగానే ఉంది. కానీ చూడగలిగింది.

"నీళ్ళు చల్లారాయా?" అంది చివరికి.

"చల్లారాయి."

తీపి నీళ్ళని డ్రమ్ములోకి వంపి, పులియడానికి పైన ఈస్ట్ చల్లి, మూత బిగించారు.

మర్నాడు డ్రమ్ము నిశ్శబ్దంగా ఉంది. మూత మీది గొట్టంలో నీళ్ళు కదలాలి, బుడగలు రావాలని ఫెర్మీన్ ముందే చెప్పి వెళ్ళాడు. ఒక్క బుడగ లేదు. సోమవారం ఒతీలియా బడికెళ్ళే ముందు చూసింది. లేదు. పప్పు ఉడుకుతుంటే ఫోన్ చేసి రెమీహియోని అడిగింది. లేదు. "దుప్పట్లు చుట్టి నేనే చెడగొట్టానేమో," అనుకుంటూ ఇంటికొచ్చి ఫెర్మీన్‌కి ఫోన్ చేసింది.

"డ్రమ్ము దగ్గర ముక్కు పెట్టి వాసన చూడు," అన్నాడతను.

"చూశా. రొట్టెల కొట్టులా ఉంది."

"అయితే మీవాడు పని చేస్తున్నాడు. మూత సరిగా బిగిసి ఉండదు. గాలి పక్కనుంచి పోతోంది. మీద కూర్చో."

"నా మీద వేళాకోళమా?"

"ఒట్టు. కూర్చోకపోతే అదుము."

రెమీహియో ఒక పక్క, ఒతీలియా ఒక పక్క పట్టి మూతని అదిమారు. టక్కుమని బిగిసింది. గొట్టంలో నీళ్ళు ఒక్క ఎగురు ఎగిరాయి. బుడబుడబుడమని బుడగలే బుడగలు. ఇద్దరూ మూత మీద చేతులు పెట్టుకుని అలాగే నిలబడి విన్నారు. పొయ్యి మీద కూర మాడుతున్న వాసన వచ్చేదాకా కదల్లేదు.

సీసాల్లో పోసి, మాగబెట్టి, అక్కడ చలి ముదిరే మే నెలాఖరు శనివారం ఫెర్మీన్ ఇంటికి పట్టుకెళ్ళారు. మూడేళ్ళ తర్వాత రెమీహియో ఆ గుంపులోకి అడుగు పెడుతున్నాడు. గుమ్మంలో ఒక్క క్షణం తటపటాయించాడు. లోపల్నుంచి ఎవరో, "ఒరేయ్, డబ్బా బీరు రెమీ వచ్చాడ్రోయ్!" అని అరిచారు. కుర్చీలు జరిగాయి. ఎవరో వీపు మీద చరిచారు. ఎవరూ అతని చెయ్యి గురించి అడగలేదు.

మొదటి సీసా మూత తీస్తే బుస్సుమంది. గ్లాసులో రాగిరంగు, పైన మందంగా నురగ, లోపల కాస్త మసక. అందరూ ఒక్కో గుక్క తాగారు. ఒతీలియా వాళ్ళ ముఖాలు చదవడానికి ప్రయత్నించింది. ఫెర్మీన్ రెండో గుక్క తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఇది నా పాత పాత్రలోనే కాచారా, అబద్ధమా?" అన్నాడు. "దాన్లో నాకెప్పుడూ ఇంత మంచిది రాలేదు."

గది ఒక్కసారి గోలగోలైంది. రెమీహియో చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. "కాచింది ఒతీ. నేను పక్కన నిలబడ్డానంతే."

"అబద్ధం. సగం సగం," అంది ఒతీలియా, ముఖం వేడెక్కుతుంటే. తనూ ఒక గుక్క తాగింది. మాల్టు తీపి ముందు తగిలింది, తర్వాత చేదు. "కొంచెం చేదెక్కువైంది. ఈసారి పువ్వులు తగ్గించాలి."

"ఈసారా?" అన్నాడు రెమీహియో.

"మరి? ఇంకో సంచీ మాల్టు నేనేం చేసుకోను, పొలెంతా వండనా?"

తిరిగి వచ్చేటప్పుడు గాలి ఎదురుగా కొడుతోంది. ఖాళీ సీసాల పెట్టె ఇద్దరి మధ్యా గలగలమంటోంది. ఈసారి నల్లబీరు కాయాలని రెమీహియో, ఎర్రదే బాగుంటుందని ఒతీలియా. నల్లదానికి మాల్టు ఇంకా మాడ్చాలట, ఆమె ఒప్పుకోలేదు. మాట మీద మాట, ఎవరూ తగ్గలేదు. తమ ఇంటి గేటు వెనకబడిపోయిందని, పది అడుగులు ముందుకు వెళ్ళిపోయాక గానీ వాళ్ళకి తెలియలేదు.